బ్యాడ్ బైండర్ (సీవీఈ-2019-2215): ఆండ్రాయిడ్ కెర్నెల్ లోపంపై తరచుగా అడిగే ప్రశ్నలు

2019 అక్టోబర్‌లో బయటపడ్డ ఈ లోపం గురించి ఇప్పటికీ అడిగేవాళ్లు ఉన్నారు. కొందరికి ఇంట్లో ఉన్న పాత ఫోన్ గురించి టెన్షన్. కొందరికి కెర్నెల్ ఉద్యోగాల ఇంటర్వ్యూలో ఎదురయ్యే ప్రశ్న. ఇంకొందరికి ఎక్కడో ఒక చిన్న కోడ్ తప్పుకి ఫోన్ మొత్తం వేరేవాడి చేతిలోకి ఎలా పోతుందన్న ఆసక్తి. అందరికీ కలిపి ఇక్కడే జవాబులు రాస్తున్నాం. కోడ్‌తో పని లేనివాళ్లు 4వ, 5వ ప్రశ్నలు వదిలేసి చదివినా ఏమీ నష్టం లేదు.

1. టూకీగా చెప్పండి, బ్యాడ్ బైండర్ అంటే ఏంటి?

ఆండ్రాయిడ్‌కి గుండెలాంటి భాగం కెర్నెల్, అది లైనక్స్ నుంచి వచ్చిందే. అందులో బైండర్ అనే డ్రైవర్ ఉంటుంది. ఆ డ్రైవర్‌లో ఉన్న మెమరీ తప్పుకి పెట్టిన పేరు బ్యాడ్ బైండర్. విడుదల చేసేసిన మెమరీని కెర్నెల్ మళ్లీ వాడుతుంది. దీన్ని యూజ్ ఆఫ్టర్ ఫ్రీ అంటారు. ఫోన్‌లో ఉన్న మామూలు యాప్ ఏదైనా, ఏ పర్మిషనూ అడగకుండానే, దీన్ని పట్టుకుని ఫోన్ మీద పూర్తి అధికారం సంపాదించగలదు.

2. ఒక యాప్‌లో తప్పుంటే ఆ యాప్‌ను తీసేస్తే సరిపోతుంది. కెర్నెల్ తప్పంటే ఎందుకంత భయం?

ఆండ్రాయిడ్‌లో ఏ యాప్‌ గది దానిదే. మీ బ్యాంక్ యాప్ దాచుకున్నది టార్చ్ యాప్‌కి కనపడదు. ఈ కట్టుబాటును అమలు చేసేదే కెర్నెల్. అదే లొంగిపోతే ఇక కాపలా అన్నది ఉండదు. పర్మిషన్లు, ఎవరు దేన్ని తాకవచ్చో చెప్పే ఎస్‌ఈలైనక్స్ నియమాలు, యాప్‌ను దాని గదిలోనే ఉంచే శాండ్‌బాక్స్ అన్నీ కెర్నెల్ మెమరీలో ఉండే కొన్ని విలువలే. కెర్నెల్ మెమరీలో రాయగలిగినవాడు వాటిని తనకు కావలసినట్టు మార్చుకుంటాడు.

3. బైండర్ చేసే పనేంటి?

యాప్‌లు ఒకదానితో ఒకటి, సిస్టమ్‌తో మాట్లాడుకునే దారి అది. మీరు కెమెరా తెరిచినా, నోటిఫికేషన్ వచ్చినా, లొకేషన్ అడిగినా ఆ మాట బైండర్ మీదుగానే వెళ్తుంది. అందుకే దాన్ని ఏ యాప్‌కీ మూసేయలేరు. వెబ్‌పేజీలను నడిపే క్రోమ్ శాండ్‌బాక్స్ ఎంత ఇరుకుగా బిగించినదైనా, దానికి కూడా బైండర్ అందుబాటులో ఉంటుంది. ఈ లోపం విలువ పెంచింది ఇదే. బ్రౌజర్‌లో ఇంకొక్క లోపం దొరికితే చాలు, రెండూ కలిపి ఒక లింక్ నొక్కించి ఫోన్‌ను పట్టేయవచ్చు.

4. అసలు తప్పు ఎక్కడుంది?

రెండు మాడ్యూళ్ల మధ్య ఉంది. ఏ ఒక్కదాన్నీ విడిగా చదివితే తప్పు కనపడదు.

బైండర్‌ను వాడే ప్రతి థ్రెడ్‌కీ కెర్నెల్ ఒక స్ట్రక్చర్ కేటాయిస్తుంది, దాని పేరు బైండర్ థ్రెడ్. దాని లోపలే ఒక వెయిట్ క్యూ ఉంటుంది. ‘నాకు మెసేజ్ వస్తే లేపు’ అని చెప్పి పడుకున్నవాళ్ల వరస అది. ఇక ఈపోల్ అనేది లైనక్స్‌లో వేరే సదుపాయం. చాలా ఫైళ్లను ఒకేసారి గమనిస్తూ, దేంట్లో కదలిక వచ్చిందో చెబుతుంది. బైండర్ ఫైల్‌ను ఈపోల్‌కి అప్పగిస్తే, ఈపోల్ వెళ్లి ఆ వెయిట్ క్యూలో తన పేరు రాసుకుంటుంది.

ఈపోల్ నమ్మకం ఏమిటంటే, ఫైల్ తెరిచి ఉన్నంతకాలం ఆ క్యూ కూడా ఉంటుందని. లైనక్స్‌లో ఎక్కువ డ్రైవర్ల విషయంలో అది నిజమే. బైండర్‌లో మాత్రం క్యూ ఫైల్‌తో కాక థ్రెడ్‌తో ముడిపడి ఉంది. యాప్ తనంతట తానే ‘ఈ థ్రెడ్ పని అయిపోయింది’ అని బైండర్‌కి ఒక ఐఓక్టల్ (డ్రైవర్‌కి ఇచ్చే ఆదేశం) పంపవచ్చు. పంపగానే బైండర్ ఆ స్ట్రక్చర్‌ను, లోపల ఉన్న క్యూతో సహా, విడుదల చేసేస్తుంది. ఈపోల్‌కి మాట మాత్రం కూడా చెప్పదు. తర్వాత ఎప్పుడో ఈపోల్ తన పేరు కొట్టేసుకోవడానికి అదే చోటికి వెళ్తుంది.

లాడ్జి గది ఖాళీ చేసి, తాళంచెవి కౌంటర్‌లో ఇవ్వకుండా జేబులో వేసుకుపోయినట్టు ఉంటుంది వ్యవహారం. మర్నాడు ఆ తాళంచెవితో తలుపు తీస్తే లోపల ఎవరుంటారో లాడ్జివాడికీ తెలియదు, మనకీ తెలియదు.

దీన్ని కదిలించడానికి నాలుగు సిస్టమ్ కాల్స్ చాలు: బైండర్ తెరవడం, ఈపోల్ సృష్టించడం, ఒకదాన్ని ఇంకోదానికి అప్పగించడం, థ్రెడ్ ముగిసిందని చెప్పడం. ఆ తర్వాత ప్రోగ్రామ్ ముగిసిపోతే మిగతాది కెర్నెలే చేసుకుంటుంది.

5. ఖాళీ మెమరీని తాకితే ఫోన్ హ్యాంగ్ అవ్వాలి కదా. హ్యాకింగ్ దాకా ఎలా వెళ్తుంది?

ఊరికే వదిలేస్తే మీరన్నట్టే, చాలాసార్లు ఏమీ జరగదు, ఒక్కోసారి రీస్టార్ట్ అవుతుంది. దాడి చేసేవాడి నేర్పంతా ఆ ఖాళీ అయిన చోట తనకు కావలసినది పెట్టించడంలో ఉంది.

పిక్సెల్ 2లో బైండర్ థ్రెడ్ స్ట్రక్చర్ సైజు 408 బైట్లు. కెర్నెల్ దాన్ని 512 బైట్ల గళ్లలో ఒకదాంట్లో పెడుతుంది. గడి ఖాళీ కాగానే, అదే సైజు కావాలని ఇంకెవరు అడిగినా అదే గడి ఇచ్చే అవకాశం ఎక్కువ. గూగుల్‌లో లోపాలు వెతికే ప్రాజెక్ట్ జీరో బృందం రాసిన నమూనా ఎక్స్‌ప్లాయిట్ (లోపాన్ని వాడుకునే ప్రోగ్రామ్) అక్కడ ఐఓవెక్ పట్టికను పెట్టింది. ‘ఫలానా చిరునామా దగ్గర నుంచి ఇన్ని బైట్లు’ అని కెర్నెల్‌కి చెప్పే జాబితా అది. ఒక్కో పద్దు 16 బైట్లు, 25 పద్దులు పెడితే 400 బైట్లు. అదే గడిలోకి దిగుతుంది.

ఇక్కడొక గమ్మత్తు ఉంది. ఐఓవెక్‌లో ఇచ్చిన చిరునామాలు యాప్ సొంత మెమరీలోవేనా అని కెర్నెల్ మొదట్లోనే ఒకసారి చూస్తుంది. చూశాక మళ్లీ చూడదు. కాబట్టి ఆ డేటాను పైప్‌లోకి (ఒకవైపు రాస్తే రెండోవైపు చదువుకునే గొట్టం లాంటిది) రాయిస్తూ, అది నిండిపోయి రాత మధ్యలో ఆగేలా చేస్తారు. తనిఖీ అయిపోయింది, పని ఇంకా అవలేదు. సరిగ్గా ఆ విరామంలో ఈపోల్‌ను కదిలిస్తారు. అది క్యూలోంచి తన పేరు తీసేస్తూ, లింక్డ్ లిస్ట్ నియమం ప్రకారం, ముందూ వెనకా పాయింటర్లు సరిచేస్తుంది. అవి పడేది పదో నంబర్ పద్దు పొడవు మీద, పదకొండో నంబర్ పద్దు చిరునామా మీద. రాసే విలువ కెర్నెల్ లోపలి చిరునామా. ఇప్పుడు పైప్‌ను ఖాళీ చేస్తే కెర్నెల్ తన సొంత మెమరీనే తీసి యాప్ చేతిలో పెడుతుంది. అందులో ఆ ప్రోగ్రామ్ తాలూకు టాస్క్ స్ట్రక్చర్, అంటే దాని గురించి కెర్నెల్ రాసుకునే రికార్డు, ఎక్కడుందో కూడా దొరుకుతుంది.

ఇదే పనిని రెండోసారి, చదవడానికి బదులు రాయడానికి చేస్తారు. ఈసారి గురి టాస్క్ స్ట్రక్చర్‌లో ఉండే అడ్రస్ లిమిట్ మీద. యాప్ ఎంత దూరం వరకు మెమరీని తాకవచ్చో చెప్పే సరిహద్దు అది. దాన్ని చెరిపేస్తే కెర్నెల్ మొత్తం చదవవచ్చు, రాయవచ్చు.

చూడటానికి చిన్నదే అయినా నాకు నచ్చే వివరం ఇంకోటి ఉంది. ఆ వెయిట్ క్యూ మొదట్లో ఒక లాక్ ఉంటుంది. అది సున్నా కాకపోతే ఎవరో పట్టుకున్నారనుకుని కెర్నెల్ అక్కడే నిలబడిపోతుంది, ఎక్స్‌ప్లాయిట్ ముందుకు కదలదు. లాక్ ఉండాల్సిన చోట పడేది ఐఓవెక్ చిరునామా. అందుకని కింది 32 బిట్లు సున్నాలుండే చిరునామాను, అంటే కచ్చితంగా 4 జీబీ దగ్గర మొదలయ్యేదాన్ని, ముందే ఎంచి పెట్టుకున్నారు. చెల్లే చిరునామా కూడా అదే, తెరిచి ఉన్న లాక్ కూడా అదే.

6. ఇది 2017లోనే దొరికిందంటారు, నిజమేనా?

నిజమే. మొత్తం కథలో ఒళ్లు మండే భాగం ఇదే.

గూగుల్‌లో సిజ్‌బాట్ అని ఒక యంత్రాంగం ఉంది. సిజ్‌కాలర్ అనే ఫజ్జర్‌తో కెర్నెల్ మీదకి రకరకాల సిస్టమ్ కాల్స్ వదులుతూ, కెఎసాన్ అనే మెమరీ తనిఖీ సాధనంతో ఎక్కడ తప్పు జరుగుతుందో పట్టుకుని, రిపోర్టులను అదే పంపిస్తుంది. 2017 నవంబర్‌లో ఈ లోపాన్ని పట్టుకున్నది అదే. 2018 ఫిబ్రవరి నాటికి సవరణ కూడా వచ్చేసింది. థ్రెడ్ ముగిసేటప్పుడు, క్యూలో ఎవరైనా ఉంటే ‘ఇది పోతోంది, దిగిపోండి’ అని ముందు చెప్పి ఆ తర్వాత విడుదల చేయడమే ఆ సవరణ. కొద్ది లైన్ల కోడ్. లైనక్స్ 4.14లోకి, ఆండ్రాయిడ్ వాడే 3.18, 4.4, 4.9 కెర్నెల్ శాఖల్లోకి చేరింది.

చేరనిది ఫోన్లకు. సవరణకి సీవీఈ నంబర్, అంటే భద్రతా లోపాలకు పెట్టే గుర్తింపు సంఖ్య, ఇవ్వలేదు. ఆండ్రాయిడ్ నెలనెలా విడుదల చేసే సెక్యూరిటీ బులెటిన్‌లో దాని ఊసే లేదు. అప్పట్లో ఫోన్ కంపెనీల పద్ధతి ఇలా ఉండేది: చిప్ తయారీదారు ఇచ్చిన కెర్నెల్‌ను ఒకచోట ఆపేసి, బులెటిన్‌లో వచ్చిన సవరణలను మాత్రం ఏరి కలుపుకోవడం. బులెటిన్‌లో లేనిది వాళ్ల దృష్టిలో భద్రతా సమస్యే కాదు. గూగుల్ సొంత ఫోన్ పిక్సెల్ 2 కూడా 2019 సెప్టెంబర్ ప్యాచ్ వేసుకున్నాక సైతం ఈ లోపంతోనే తిరిగింది. సవరణ రాసినవాళ్లూ, ఫోన్ అమ్మినవాళ్లూ ఒకే కంపెనీ అన్నది గుర్తుంచుకోండి.

నా అభిప్రాయంలో ఇక్కడ సీ భాషనో, ప్రోగ్రామర్‌నో తిట్టడం తేలిక. లోపం పుట్టింది అక్కడే కానీ, దాదాపు ఇరవై నెలలు బతికింది మాత్రం కాగితాల పనిలో. కెర్నెల్ వర్గంలో చాలాకాలంగా ఒక ధోరణి ఉంది: బగ్ అంటే బగ్గే, భద్రతా బగ్ అని వేరే పేరు పెట్టక్కర్లేదు, అన్నీ సరిచేస్తాం, మీరు కొత్త వెర్షన్ వాడండి అని. వాదనగా బాగానే ఉంటుంది. కొత్త వెర్షన్ తీసుకోని ఫోన్లు కోట్లలో ఉన్న ప్రపంచంలో, ఫలితం మాత్రం ఇలా ఉంటుంది.

7. మరి 2019లో ఎలా బయటికొచ్చింది?

గూగుల్ ప్రాజెక్ట్ జీరోలో పనిచేసే మ్యాడీ స్టోన్ బయటపెట్టారు. ఆమె దగ్గర ఎక్స్‌ప్లాయిట్ ఫైల్ లేదు. ఎవరో ఒక ఆండ్రాయిడ్ లోపాన్ని వాడుతున్నారన్న సమాచారం, దాని లక్షణాలు కొన్ని మాత్రమే చేతికొచ్చాయి. అది కెర్నెల్‌లో యూజ్ ఆఫ్టర్ ఫ్రీ అని, క్రోమ్ శాండ్‌బాక్స్ లోపల నుంచి అందుతుందని, పిక్సెల్ 1, 2 మీద పనిచేస్తుంది కానీ పిక్సెల్ 3 మీద చేయదని, కొత్త లైనక్స్‌లో సీవీఈ లేకుండానే సరిచేశారని, లింక్డ్ లిస్ట్ పాయింటర్లు సరిగ్గా ఉన్నాయో చూసే కెర్నెల్ సెట్టింగ్ (లిస్ట్ తనిఖీ) పెట్టి ఉంటే ఎక్స్‌ప్లాయిట్ చెడిపోతుందని.

ఈ గుర్తులతో ఆమె వెతికారు. పిక్సెల్ 3 కెర్నెల్‌లో ఉండి పిక్సెల్ 2 కెర్నెల్‌లో లేని సవరణల్లో, ఈ వర్ణనలన్నిటికీ సరిపోయేది బైండర్ సవరణ ఒక్కటే. లోపాన్ని దాని సవరణ ద్వారా గుర్తుపట్టడం అన్నమాట. అదే పని అవతలివాళ్లు కూడా చేయగలరు, బహుశా చేశారు కూడా. నోరు మెదపకుండా పెట్టిన సవరణను దాడి చేసేవాళ్లు చదవరని అనుకోవడం అమాయకత్వం.

2019 సెప్టెంబర్ 27న ఆమె ఆండ్రాయిడ్ బృందానికి తెలియజేశారు. మామూలుగా ప్రాజెక్ట్ జీరో 90 రోజుల గడువు ఇస్తుంది. అప్పటికే దాడుల్లో వాడుతున్న ఆధారం ఉంటే 7 రోజులే. అక్టోబర్ 3న వివరాలు బయటపెట్టారు. జాన్ హార్న్‌తో కలిసి నమూనా ఎక్స్‌ప్లాయిట్ కూడా రాశారు. సీవీఈ-2019-2215 నంబర్ వచ్చింది అప్పుడే. నంబర్‌లో 2019 ఉండటం చూసి లోపం ఆ ఏడాదిదే అనుకుంటారు చాలామంది.

8. దీన్ని వాడిందెవరు?

పెగాసస్ స్పైవేర్ తయారుచేసే ఇజ్రాయెల్ కంపెనీ ఎన్‌ఎస్‌ఓ గ్రూప్ దీన్ని వాడుతోందని, లేదా అమ్ముతోందని తమకు అందిన సమాచారం అని ప్రాజెక్ట్ జీరో రాసింది. ఎన్‌ఎస్‌ఓ కాదంది.

రెండో ఉదంతం 2020 జనవరిలో ట్రెండ్ మైక్రో బయటపెట్టింది. గూగుల్ ప్లే స్టోర్‌లోనే కెమెరో, ఫైల్‌క్రిప్ట్ మేనేజర్, కాల్‌క్యామ్ అనే మూడు యాప్‌లు దొరికాయి. వీటిలో కెమెరో ఫొటో యాప్‌లా కనపడుతూ, లోపల ఈ లోపాన్ని వాడి రూట్ అధికారం, అంటే ఫోన్ మీద పూర్తి పట్టు, తెచ్చుకునేది. సైనిక వర్గాల మీద గురిపెడుతుందని పేరున్న సైడ్‌వైండర్ ముఠాతో వీటికి సంబంధం ఉందని ఆ కంపెనీ చెప్పింది. ‘ప్లే స్టోర్‌లో ఉన్నదే వేశాను కదా’ అనేవాళ్లకి ఈ ఉదాహరణ చెప్పండి.

9. ఏ ఫోన్లకి ప్రమాదం?

ప్రాజెక్ట్ జీరో అప్పట్లో కోడ్ చూసి పేర్కొన్నవి: పిక్సెల్ 1, 2 (ఎక్స్‌ఎల్‌తో సహా), హువావే పీ20, షావోమీ రెడ్‌మీ 5ఏ, రెడ్‌మీ నోట్ 5, షావోమీ ఏ1, ఒప్పో ఏ3, మోటో జెడ్3, ఓరియో నడిచే ఎల్‌జీ ఫోన్లు, శాంసంగ్ ఎస్7, ఎస్8, ఎస్9. ఇదే పూర్తి జాబితా అని వాళ్లూ అనలేదు. పిక్సెల్ 3, 3ఏలకి ఈ లోపం లేదు.

10. ఇంట్లో పాత రెడ్‌మీ ఉంది, అమ్మ వాడుతోంది. ఎలా చూసుకోవాలి?

రెడ్‌మీ 5ఏ, నోట్ 5 మన ఊళ్లలో విపరీతంగా అమ్ముడైనవే కాబట్టి ఈ ప్రశ్న ఎక్కువగా వస్తుంది. సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్ తెరవండి. అక్కడ ఆండ్రాయిడ్ సెక్యూరిటీ ప్యాచ్ లేదా సెక్యూరిటీ అప్‌డేట్ అని ఒక తేదీ ఉంటుంది. అది 2019 డిసెంబర్ లేదా ఆ తర్వాతిది అయితే ఈ లోపం పూడినట్టే. పిక్సెల్‌లకు 2019 అక్టోబర్ అప్‌డేట్‌లోనే వచ్చేసింది.

తేదీ పాతదైతే ముందు సిస్టమ్ అప్‌డేట్ నొక్కి చూడండి. వైఫై లేక, స్టోరేజ్ చాలక ఆగిపోయిన అప్‌డేట్లు ఇళ్లలో చాలా ఉంటాయి. అప్‌డేట్ ఏమీ లేదంటే ఆ ఫోన్‌కి ఇక రాదు. దాన్ని పాటలకీ, యూట్యూబ్‌కీ ఉంచండి. యూపీఐ, బ్యాంక్ యాప్‌లు, ఓటీపీలు వచ్చే సిమ్ వేరే ఫోన్‌లోకి మార్చండి.

ఒకటి మాత్రం నిజాయితీగా చెప్పాలి. తేదీ 2020 దగ్గర ఆగిపోయిన ఫోన్‌లో బ్యాడ్ బైండర్ లేకపోవచ్చు, ఆ తర్వాత దొరికిన కెర్నెల్ లోపాలు చాలా ఉండొచ్చు. అమ్మకి కొత్త ఫోన్ కొనడానికి ఇంతకంటే మంచి సాకు దొరకదు.

11. యాంటీవైరస్ వేస్తే ఆగుతుందా? ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే పోతుందా?

రెండింటికీ లేదు అనే జవాబు. యాంటీవైరస్ కూడా ఒక మామూలు యాప్, కెర్నెల్ చేతికింద ఉండేది. తెలిసిన చెడ్డ యాప్‌ను గుర్తుపట్టగలదు, లోపాన్ని పూడ్చలేదు. రీసెట్ చేస్తే మీ డేటా పోతుంది, కెర్నెల్ అదే ఉంటుంది.

12. లైనక్స్ ల్యాప్‌టాప్‌కి, ఐఫోన్‌కి?

ఐఫోన్ కెర్నెల్ వేరు, అందులో బైండర్ లేదు. డెస్క్‌టాప్ లైనక్స్‌లో సాధారణంగా బైండర్ వాడరు.

13. ఇదంతా రస్ట్‌లో రాసి ఉంటే వచ్చేది కాదా?

రస్ట్ అనేది మెమరీ తప్పులను ముందే ఆపేలా రూపొందించిన ప్రోగ్రామింగ్ భాష. ఈ తరహా తప్పు అందులో చాలావరకు కంపైలర్ దగ్గరే ఆగేది. క్యూ ఎంతకాలం బతుకుతుంది, దాన్ని పట్టుకున్నవాడు ఎంతకాలం పట్టుకోవచ్చు అన్నది రస్ట్‌లో టైప్‌లోనే రాసుకోవాలి. సరిపోలకపోతే కోడ్ కంపైల్ కాదు. ఆండ్రాయిడ్‌లో కొత్త కోడ్‌ను రస్ట్ వంటి భాషల్లో రాయడం పెరిగాక, మొత్తం లోపాల్లో మెమరీ లోపాల వాటా 2019లో 76 శాతం నుంచి 2024లో 24 శాతానికి పడిందని గూగుల్ ప్రకటించింది. పాత కోడ్ అంతా తిరగరాయకుండానే ఇంత తగ్గింది.

లైనక్స్‌లోకి రస్ట్ 2022 డిసెంబర్‌లో, 6.1తో వచ్చింది. బైండర్‌ను కూడా రస్ట్‌లో మళ్లీ రాశారు, 2025 చివర్లో వచ్చిన 6.18లో చేరింది. అయితే సంబరపడేవాళ్లు కాస్త ఆగాలి. కెర్నెల్‌లోని రస్ట్ కోడ్‌కి వచ్చిన మొట్టమొదటి సీవీఈ ఆ రస్ట్ బైండర్‌దే. అన్‌సేఫ్ అని, అంటే ఇక్కడ కంపైలర్ పూర్తిగా తనిఖీ చేయలేదని, గుర్తుపెట్టిన చోట, ఒక లింక్డ్ లిస్ట్ దగ్గర, రెండు థ్రెడ్లు పోటీపడి చేసిన తప్పు. దాని ఫలితం కెర్నెల్ క్రాష్ అని చెప్పారు. రస్ట్ పనికిరాదని దీంతో వాదించేవాళ్లను నేను ఒప్పుకోను. అన్‌సేఫ్ బ్లాకులు మాత్రమే వెతికితే సరిపోవడం, లక్షల లైన్ల సీ కోడ్ మొత్తం వెతకడం ఒకటి కావు.

14. ఇప్పటి ఫోన్లలో ఇదే ఎక్స్‌ప్లాయిట్ పనిచేస్తుందా?

చేయదు. లోపం పూడ్చడం ఒక కారణం. ఎక్స్‌ప్లాయిట్ గురిపెట్టిన అడ్రస్ లిమిట్ అనే భాగాన్నే ఫోన్ చిప్‌ల రకమైన ఆర్మ్ 64కి వాడే కెర్నెల్‌లో 5.11 వెర్షన్ నుంచి తీసేశారు. ఆండ్రాయిడ్ 12తో, 5.10 కెర్నెల్‌తో మొదలుపెట్టి, కొత్త ఫోన్లు గూగుల్ తయారుచేసే ఉమ్మడి కెర్నెల్‌నే వాడాలన్న నియమం వచ్చింది. సవరణలను ఏరుకునే పద్ధతికి దాంతో చాలావరకు తెరపడింది.

సీవీఈ నంబర్ల సంగతి కూడా మారింది. 2024 ఫిబ్రవరి నుంచి లైనక్స్ కెర్నెల్ బృందమే తన లోపాలకు నంబర్లు ఇస్తోంది. భద్రతతో సంబంధం ఉండొచ్చు అనిపించిన ప్రతి సవరణకూ ఇచ్చేస్తోంది. ఇప్పుడు గొడవ తిరగబడింది: ఇన్ని వేల నంబర్లు ఎవరు చదువుతారని కంపెనీల్లోని సెక్యూరిటీ టీమ్‌ల గోల. నాకైతే ఈ గోలే నయం.

15. మేం డ్రైవర్లు రాస్తాం. మా కోడ్‌లో ఇలాంటిది ఉందో లేదో ఎక్కడ చూడాలి?

మీ డ్రైవర్‌లో పోల్ ఫంక్షన్ ఉంటే ముందు అక్కడికే వెళ్లండి. అది అప్పగించే వెయిట్ క్యూ ఏ స్ట్రక్చర్‌లో ఉంది, ఆ స్ట్రక్చర్‌ను ఎవరు ఎప్పుడు విడుదల చేస్తారు చూడండి. ఫైల్ మూయకముందే విడుదలయ్యే దారి ఒక్కటున్నా అది బైండర్ తప్పే. వీలైతే క్యూను ఫైల్‌తో ముడిపడ్డ స్ట్రక్చర్‌లోకి మార్చండి. బైండర్ చేసినట్టు పోల్‌ఫ్రీ సంకేతం పంపి నెగ్గుకురావచ్చు. కానీ ఆ సంకేతాన్ని అవతలివాళ్లందరూ సరిగ్గా పట్టించుకోవాలి, విడుదలకు ముందు ఆర్‌సీయూ గడువు దాటే వరకు ఆగాలి. బైండర్‌కే ఆ రెండోది తర్వాత వేరే సవరణగా చేర్చాల్సి వచ్చింది.

టెస్ట్ బిల్డ్‌లలో కెఎసాన్ పెట్టి సిజ్‌కాలర్‌ను నాలుగు రోజులు నడవనివ్వండి. అమ్మే బిల్డ్‌లో కెఎసాన్ బరువే, లిస్ట్ తనిఖీ సెట్టింగ్ మాత్రం అంత బరువు కాదు, ఈ ఎక్స్‌ప్లాయిట్‌ను అదొక్కటే చెడగొట్టేది. ఇక మీ కెర్నెల్ సోర్స్ ట్రీ లైనక్స్ లాంగ్ టర్మ్ శాఖ కంటే ఎన్ని నెలలు వెనకబడి ఉందో మేనేజర్‌ను అడగండి. ‘బులెటిన్‌లో ఉన్నవన్నీ కలిపాం’ అన్న జవాబు వస్తే, పిక్సెల్ 2 కూడా 2019 సెప్టెంబర్‌లో అంతే కలుపుకుందని చెప్పండి.